అమ్మ పక్క కుర్చీ

ఒకప్పుడు మమ్మల్ని ఏలిన హాలండ్ ప్రభుత్వం, మా వాళ్ళని బానిసలుగా వాడుకున్నందుకు క్షమాపణ చెప్పడానికి మనిషిని పంపుతోందని రేడియోలో చెప్పగానే మా ఊళ్ళో మొదలైన గొడవ క్షమాపణ గురించి కాదు, కుర్చీ గురించి.

మా అమ్మ పక్క కుర్చీ.

మా ఫ్రీమాంగ్రోన్ పేటలో ఇప్పుడు అందరికన్నా పెద్దది మా అమ్మ లియోన్‌టీన్. తొంభై దాటేసింది. మా రాజధాని పారామారిబోలో ముసలివాళ్ళకేం కరువు లేదు గానీ, మా అమ్మ సంగతి వేరు. వాళ్ళ అమ్మమ్మ అకూబా బానిసగా పుట్టిన మనిషి. చిన్నప్పుడు అమ్మ ఆవిడ పక్కలోనే పడుకునేది. ఆవిడ చీలమండ మీద గొలుసు ఒరిసిన మచ్చని వేలితో తడిమి, నొప్పిగా ఉందా అని అడిగేదట. ఆ మచ్చని ముట్టుకున్న వేలు ఈ దేశంలో ఇంకెవరికీ మిగల్లేదు. అందుకని, వేదిక మీద హాలండ్ మంత్రి క్షమాపణ చదివేటప్పుడు ఎదురుగా మా అమ్మే కూర్చోవాలని అన్ని పార్టీలూ ఒప్పుకున్నాయి. ఒక్క విషయంలో మాత్రం కుదర్లేదు. పక్కన కూర్చునేది ఎవరు?

అధికారంలో ఉన్న కోడి పార్టీ, ఈ క్షమాపణ తెప్పించింది మేమే కాబట్టి ఆ కుర్చీ మాదే అంది. పడవ పార్టీ, ఉత్త మాటల క్షమాపణ ఎవడిక్కావాలి, మా డిమాండ్లు ముసలావిడ నోటితోనే చెప్పిస్తాం, కుర్చీ మాది అంది. ఇంకాస్త విడ్డూరం ఏంటంటే, కోడి పార్టీ తరఫున పట్టుబట్టింది మా అన్నయ్య వెన్స్లీ. పడవ పార్టీ తరఫున పట్టుబట్టింది మా తమ్ముడు రూబెన్. ఇద్దరూ మా అమ్మ కడుపున పుట్టినవాళ్ళే. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. తొమ్మిదేళ్ళుగా ఒకడున్న వీధిలో ఇంకోడు అడుగు పెట్టడు. ఒకడు అమ్మని చూడ్డానికి ఆదివారం వస్తే, ఇంకోడు బుధవారం వస్తాడు.

నా పేరు మ్యూరియల్. ఇద్దరి మధ్య పుట్టాను, ఇద్దరి మధ్యా నలిగాను. నది ఒడ్డు మార్కెట్లో చేపలమ్ముతాను. అక్కడ గొంతు లేనిదానికి బేరం లేదు, నాకు బేరం ఎప్పుడూ తగ్గలేదు.

గొడవ ఎలా వచ్చిందో చెప్తాను. అప్పుడు వెన్స్లీ విద్యాశాఖలో పెద్ద పదవిలో ఉన్నాడు. రూబెన్ పడవ పార్టీలో చేరాడు. వాడి పెళ్ళాం గెర్డా టీచరు. నెల తిరక్కుండా ఆమెని నది ఎగువన అడవిలో బడికి బదిలీ చేశారు. అప్పటికి ఆమెకి ఆరో నెల. అక్కడ డాక్టరు లేడు, జ్వరం మాత్రం ఉంది. పడవ మీద ఆమెని తిరిగి తెచ్చేసరికి పాప పుట్టింది, ఆ సాయంత్రమే పోయింది. తర్వాత వచ్చిన ఎన్నికల సభలో రూబెన్ మైకు పట్టుకుని, వెన్స్లీ మా నాన్న కొడుకే కాదన్నాడు. మైకు గొట్టాలు మా పెరట్లోకి కూడా వినబడతాయని వాడికి తట్టలేదు. అమ్మ బట్టలారేస్తూ వింది. చేతిలో దుప్పటి కింద పడిపోయింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. కానీ పండక్కి బల్ల మీద రెండు కంచాలు ఖాళీగా పెట్టేది.

రెండు పార్టీలూ వరసగా మా ఇంటికి మనుషుల్ని పంపాయి. తలకి కట్టుకొమ్మని కోడి పార్టీ వాళ్ళు కోడి బొమ్మల అంగీసా తెచ్చారు, పడవ పార్టీ వాళ్ళు పడవ బొమ్మలది తెచ్చారు. అంగీసా అంటే మా ఆడవాళ్ళు గంజిపెట్టి మడిచి తలకి కట్టుకునే గుడ్డ. ఆ మడత చూసి మా వాళ్ళు మనసులో మాట చెప్పేస్తారు. అమ్మ రెండు గుడ్డలూ తీసుకుని, చాలా మంచి బట్ట అని మెచ్చుకుని, నాకిచ్చింది. ఒకదానితో చేపల కత్తి తుడుస్తున్నాను. రెండోది వేడి గిన్నె దించడానికి పనికొస్తోంది.

వాళ్ళు వెళ్ళాక అమ్మ నాతో, ఈ ఇంట్లో తగువు తీరకుండా నేను ఎవరి క్షమాపణా వినను, ముందు వాళ్ళిద్దర్నీ నా బల్ల దగ్గర కూర్చోబెట్టు అంది. అదే నేను పోయేలోపు చూడాలి, వేదికలూ దండలూ నాకెందుకు అంది.

సరే, నాకు తెలిసిన విద్య బేరం. ముందు కోడి పార్టీ ఆఫీసుకి వెళ్ళి, అమ్మ మీ పక్కనే కూర్చుంటానంది, కాకపోతే వెన్స్లీ స్వయంగా వచ్చి మాట తీసుకోవాలి, శనివారం సాయంత్రం నాలుగింటికి అన్నాను. అక్కడినుంచి తిన్నగా పడవ పార్టీ ఆఫీసుకి వెళ్ళి రూబెన్ పేరుతో అదే పాట పాడాను. ఈలోగా ఎంబసీ నుంచి ఒకతను ఫోన్ చేశాడు. ఆదివారం సభకి ముందు హాలండ్ మంత్రిగారు మర్యాదకి అమ్మగారిని చూడాలనుకుంటున్నారట, ఎప్పుడు రావచ్చు అని. శనివారం నాలుగున్నరకి రమ్మన్నాను. ఏదైతే అదైందనుకున్నాను.

శనివారం పొద్దున్నే గెర్డా వచ్చింది. రూబెన్ రావాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాడని, తను మాత్రం వంటకి సాయం పట్టడానికి వచ్చానని చెప్పింది. ఇద్దరం కలిసి చేమదుంప తురిమి, కోడిమాంసం పరిచి, పెద్ద ట్రే నిండా పోమ్ పేర్చాం, కాల్చడం సాయంత్రానికి. గెర్డా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తురుముతున్నంతసేపూ ఒక్కసారే నోరు విప్పింది, మీ అన్నయ్య కూడా వస్తాడా అని. వస్తాడన్నాను. సరే అని మళ్ళీ తురమడం మొదలెట్టింది.

అమ్మ కోటో వేసుకుంది, అదే, మా ఆడవాళ్ళ పాతకాలపు నిండు గౌను. తలకి తెల్ల అంగీసా కట్టమంది. ఏ మడత వెయ్యమంటావు అంటే, "వాగేవాళ్ళని వాగనీ" మడత వెయ్యమంది. వేశాను. ముందుగదిలో తన కుర్చీ వేయించుకుని, పక్కన ఒక ఖాళీ కుర్చీ వేయించింది. మధ్య బల్ల మీద ఎండు సొరకాయ బుర్ర చిప్పలో నీళ్ళు పోసి పెట్టింది. ఆ చిప్ప చూడగానే నాకు అర్థమైంది. మా వాళ్ళలో అయినవాళ్ళ మధ్య చెడిన మాట వస్తే దాన్ని నోట్లోంచి తీసెయ్యాలి. తప్పు చేసినవాడు ఏం చేశాడో తన నోటితో, ఉన్నదున్నట్టు చెప్పాలి. చెప్పాక ఆ చిప్పలోంచి ఇద్దరూ నీళ్ళు పుక్కిట పట్టి నేలమీదికి ఊదెయ్యాలి. చెప్పకుండా ఊదితే అది ఉత్త నీళ్ళే.

నాలుగింటికి వెన్స్లీ దిగాడు. వెనకాల కోడి జెండాలు పట్టుకుని ఓ గుంపు. సూటు వేసుకున్నాడు, జుట్టు బాగా నెరిసింది. లోపలికొచ్చి అమ్మ నుదుట ముద్దు పెట్టి, ఆ ఖాళీ కుర్చీలో కూర్చోబోయాడు. అమ్మ కర్ర అడ్డం పెట్టి ఎదురు బెంచీ చూపించింది. రెండు నిమిషాలకి రూబెన్ వచ్చాడు. వీధిలో పడవ జెండాలు. వాడూ తిన్నగా ఆ కుర్చీ వైపే వెళ్ళి, కర్ర తగిలి, బెంచీ వైపు తిరిగేసరికి అన్నయ్య కనిపించాడు. ఇద్దరి మొహాలూ చూడాలి. ఇద్దరూ ఒకేసారి గుమ్మం వైపు తిరిగారు. అప్పటికే నేను గేటుకి నా చేపల కొట్టు తాళం వేసి, చెవి జాకెట్లో దోపుకున్నాను.

"అక్కా, తాళం తియ్యి" అన్నాడు రూబెన్.

"తియ్యను. గోడ దూకుతావా? దూకు. బయట మీ పార్టీవాళ్ళు ఫోటోలు తీస్తారు."

బెంచీకి ఆ చివరొకడు, ఈ చివరొకడు కూర్చున్నారు. బయట రెండు గుంపులూ ఒకదాన్ని మించి ఒకటి పాటలు ఎత్తుకున్నాయి.

నాలుగున్నరకి హాలండ్ మంత్రి వచ్చింది. నేనే వెళ్ళి తాళం తీసి, ఆవిడని లోపలికి లాగి, మళ్ళీ వేశాను. పొడుగాటి మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి, ఎండకి మొహం కందిపోయింది. వెనకాల ఫైలు పట్టుకుని ఓ కుర్రాఫీసరు. అమ్మ ముందు వంగి, మీ ఇంటికి రావడం నాకు గౌరవం, రేపు సభలో మా ప్రభుత్వం తరఫున చెప్పబోయేది ముందుగా మీకు చదివి వినిపించాలనుకున్నాను అని ఫైలు అందుకుని తెరవబోయింది. అమ్మకి డచ్చి భాష నాకన్నా బాగా వచ్చు. అయినా ఆ రోజు మా భాషలోనే మాట్లాడింది, నేను మార్చి చెప్పాను.

"కూర్చో అమ్మాయ్" అంది అమ్మ. "నీ పని తర్వాత. ఈ ఇంట్లో ఒక తగువుంది. తగువున్న ఇంట్లో పెద్ద మాటలు వినకూడదు."

మంత్రి ఆ కుర్రాఫీసరు వైపు చూసింది. వాడు గడియారం చూశాడు. ఆవిడ ఫైలు మూసి, గోడవార స్టూలు మీద కూర్చుంది. అప్పుడు మాత్రం ఆవిడ నాకు నచ్చింది.

అమ్మ ముందు రూబెన్ని పిలిచింది. చిన్నవాడు ముందు. వాడు వచ్చి చిప్ప ముందు నిలబడ్డాడు. నేను సభలో మైకులో అన్నయ్య మా నాన్న కొడుకు కాదన్నాను, అది అబద్ధమని తెలిసే అన్నాను, అన్నయ్యని కొట్టడానికి చేతికి ఇంకేం దొరక్క నిన్ను తీసి విసిరానమ్మా అన్నాడు. అమ్మ, అవును, పెరట్లోకి వినబడింది అంది. అంతే. తల్లీ కొడుకూ నీళ్ళు పుక్కిట పట్టి ఊదారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

తర్వాత వెన్స్లీ. వెన్స్లీ లేచి కోటు సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం చూడగానే నాకు అనుమానమొచ్చింది.

"ఆ రోజుల్లో శాఖలో జరిగిన కొన్ని పరిపాలనా నిర్ణయాల వల్ల కుటుంబంలో ఎవరికైనా బాధ కలిగి ఉంటే" అని మొదలెట్టాడు.

అమ్మ చిప్ప మీద అరచెయ్యి మూసింది. వెన్స్లీ ఆగిపోయాడు. నేను ఆ ముక్కలన్నీ డచ్చిలోకి మార్చి చెప్తుంటే, గోడవార స్టూలు మీద మంత్రి తన ఫైలు వైపు చూసుకుంది. అందులో ఏముందో నాకు తెలీదు గానీ, ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"శాఖ కాదు. నువ్వు ఏం చేశావో చెప్పు" అంది అమ్మ.

అన్నయ్య కోటు విప్పి బెంచీ మీద పెట్టాడు. బదిలీ కాగితం మీద సంతకం నాదే అన్నాడు. ఆమెకి ఆరో నెలని తెలుసు, అక్కడ డాక్టరు లేడనీ తెలుసు, తమ్ముడు వెనక్కి తగ్గుతాడని పంపించాను, రెండు వారాలు భయపెట్టి పిలిపిద్దామనుకున్నాను, రెండు వారాలయ్యాక పని ఒత్తిడిలో మర్చిపోయాను అన్నాడు. తమ్ముడి వైపు తిరిగి, నన్ను క్షమించరా అన్నాడు. రూబెన్ కళ్ళు తుడుచుకుని చిప్ప అందుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ పుక్కిట పట్టి ఊదారు. ఆ వెంటనే ఒకరి మెడ మీద ఒకరు పడి చిన్నపిల్లల్లా ఏడ్చారు. అమ్మయ్య, అయిపోయింది, తొమ్మిదేళ్ళ దరిద్రం వదిలిందని నేను చప్పట్లు కూడా కొట్టాను. కుర్రాఫీసరు కూడా కొట్టాడు, పాపం.

అమ్మ కొట్టలేదు. చెయ్యి ఇంకా కర్ర మీదే ఉంది.

"ఆ పాప ఎవరి కడుపున పుట్టిందిరా?" అంది.

వంటింట్లో పోమ్ ట్రే పొయ్యిలోంచి తీస్తున్న చప్పుడు వినిపించింది. గెర్డా పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. మేమెవ్వరం ఆమెని పిలవలేదు. ఇంత పథకం వేసిన నాకూ తట్టలేదు, చిప్ప అందుకుని ఊదిన మొగుడికీ తట్టలేదు. ఆవిడ పేరు మీద మొదలైన గొడవని, ఆవిడ లేకుండానే తీర్చేసుకుని మేం కళ్ళు తుడుచుకుంటున్నాం. సిగ్గుతో నా మొహం మండిపోయింది.

వెన్స్లీ చిప్ప పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. మేమంతా లేచాం. గెర్డా ఒక చేత్తో కోడి బొమ్మల గుడ్డ పట్టుకుని, ట్రే బల్ల మీద పెట్టి, ఇటు తిరిగింది. అన్నయ్య మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. సంతకం, ఆరో నెల, డాక్టరు, మర్చిపోవడం. ఈసారి ఇంకా నెమ్మదిగా చెప్పాడు, తల దించుకోకుండా. చివర్లో చిప్ప చాపాడు.

గెర్డా తీసుకోలేదు.

"ముందు పేరడుగు" అంది.

"ఏ పేరు?"

"పాప పేరు. పుట్టింది, పేరు పెట్టాం. తొమ్మిదేళ్ళలో మీలో ఒక్కరూ అడగలేదు. పేరు తెలీనిదానికి క్షమాపణ ఎలా చెప్తావు బావా?"

పాప పేరేంటి గెర్డా అని అడిగాడు వెన్స్లీ. ఎసెలిన్ అంది. ఎసెలిన్ అన్నాడు వాడు. ఎసెలిన్ని నేను చంపాను, నా సంతకంతో, అన్నాడు. గెర్డా చిప్ప అందుకుని ఒక గుక్క పుక్కిట పట్టి చాలాసేపు ఉంచుకుంది. ఊదుతుందో లేదో మాకెవ్వరికీ తెలీదు. ఆఖరికి వంగి నేల మీద ఊదింది. వెన్స్లీ కూడా ఊదాడు. ఆమె వాణ్ణి కౌగిలించుకోలేదు. కంచాలు తీసుకురా బావా, చల్లారిపోతుంది అంది.

అప్పుడు అమ్మ కుర్చీకి అడ్డంగా పెట్టిన కర్ర తీసింది. గెర్డాని పిలిచి, తన పక్క కుర్చీ చూపించింది. గెర్డా చేతులు తుడుచుకుని వచ్చి అందులో కూర్చుంది. అమ్మ ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

"రేపు వేదిక మీద కూడా ఇదే కుర్చీ, ఇదే మనిషి. మీ రెండు పార్టీలకీ చెప్పండి" అంది.

అన్నదమ్ములిద్దరూ నా దగ్గర తాళంచెవి తీసుకుని గేటు దాకా వెళ్ళారు. ఒకడి చేతిలో ఒక కంచం, ఇంకోడి చేతిలో ఇంకో కంచం. నోట్లో పోమ్ పెట్టుకుని, ఇవాళ పాటలు చాలు, ఇంటికెళ్ళండి అని చెప్పారట. ఒకే గేటు దగ్గర ఇద్దర్నీ చూసేసరికి రెండు గుంపుల పాటలూ ఆగిపోయాయట. కోడి జెండా కుర్రాడొకడు పడవ జెండా వాణ్ణి, మరి ఇప్పుడు మనమేం చెయ్యాలి అని అడిగాడని తర్వాత తెలిసింది.

లోపల హాలండ్ మంత్రి స్టూలు మీంచి లేచి అమ్మ ముందుకొచ్చింది. ఫైలు మూసే ఉంది. రేపు నేను ఈ కాగితమే చదవాలి, ఒక్క మాట కూడా మార్చే అధికారం నాకు లేదు, మీ దగ్గర అబద్ధమాడలేను అంది.

ఈసారి అమ్మ డచ్చిలోనే మాట్లాడింది. "చదువు. బాగా చదువు. నేను వింటాను. కానీ ఊదను. నా కొడుకుకే తొమ్మిదేళ్ళు పట్టింది, మీది ఇంకా పాతది."

ఆవిడ తలూపింది. వెళ్ళడానికి బ్యాగు భుజాన వేసుకుంది. కుర్రాఫీసరు గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూస్తున్నాడు. ఆవిడ కదల్లేదు. గెర్డా వైపు ఒకసారి చూసి, మళ్ళీ అమ్మ వైపు తిరిగి, నేల మీద తడి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది.

"మీ అమ్మమ్మగారి పేరేమిటి?" అని అడిగింది.

మా అమ్మ ఎవరి ముందూ ఏడవదు. కానీ అప్పుడు కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోకుండా అలాగే ఉంచుకుంది.

"అకూబా" అంది. "వాళ్ళమ్మ పేరు కూడా ఉంది. ఆ అమ్మని ఏ రేవులో అమ్మేశారో కూడా నాకు తెలుసు. మ్యూరీ, ఈ అమ్మాయికి కంచం పెట్టు, చాలాసేపు పడుతుంది."

పెట్టాను. చీకటి పడేదాకా అమ్మ చెప్తూనే ఉంది, ఆవిడ ఏ కాగితం మీదా రాసుకోకుండా వింటూనే ఉంది. బల్ల సర్దుతూ చిప్పలో మిగిలిన నీళ్ళు పారబొయ్యబోయాను. అమ్మ మాట ఆపి, పారబొయ్యకే, మూత పెట్టి పైన పెట్టు, ఈ పిల్ల మళ్ళీ వస్తుంది అంది. మూత పెట్టి పైన పెట్టాను.